పదేళ్ళ చదువుకి ఒక పేజీ లెక్క

కోడలుపిల్లా,

ఇంజనీరింగ్ వద్దు, సైన్స్ చదువుతానన్నావట. మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో కోపమేమీ లేదు గానీ బెంగ మాత్రం ఉంది. "అక్కా, చదువుతానంటే కాదంటానా? బీయస్సీ చదివి ఏం చేస్తుంది, ఎన్నేళ్ళు చదవాలి, ఎంత అవుతుంది?" అని అడిగాడు. మూడూ న్యాయమైన ప్రశ్నలే. కెమిస్ట్రీ పాఠాలు చెబుతూ జుట్టు నెరిసినదాన్ని గనక జవాబు చెప్పగలను. కానీ వాడికి కాకుండా నీకే రాస్తున్నాను. చదవబోయేది నువ్వు కాబట్టి లెక్క కూడా నీకే తెలియాలి.

సైన్స్ అంటే పొడుగు చదువు. ఇంజనీరింగ్‌లో నాలుగో ఏడు తిరిగేసరికి క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చిందా అని ఊరంతా అడుగుతుంది. సైన్స్‌లో ఆ ప్రశ్నకి అప్పుడే జవాబుండదు. డిగ్రీ మూడేళ్ళో నాలుగేళ్ళో, ఆ పైన ఎమ్మెస్సీ. లేదంటే రెండూ కలిపి అయిదేళ్ళు. పరిశోధన చేద్దామనుకుంటే పీహెచ్‌డీకి మరో అయిదారేళ్ళు. మొత్తం మీద పదేళ్ళ మాట. ఈ పదేళ్ళూ మీ నాన్న జేబులోంచే పోతాయని హడలిపోకు. మొదటి అయిదేళ్ళు మనం కట్టి చదువుకుంటాం, తరవాతి అయిదేళ్ళు వాళ్ళే డబ్బిచ్చి చదివిస్తారు. ఎమ్మెస్సీ అయ్యాక సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ రాసి జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే, 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం నెలకి 37,000 రూపాయలు ఇస్తారు. రెండేళ్ళు గడిచి పని బాగుందనిపించుకుంటే 42,000. హాస్టల్ లేనివాళ్ళకి ఇంటద్దె భత్యం అదనం. నీ ఈడు పిల్లలకి సాఫ్ట్‌వేర్ జీతాల ముందు అది చిన్నగానే కనిపిస్తుంది. కానీ చదువుకుంటూ ఇంటి నుంచి పైసా అడగకుండా బతకడానికి సరిపోతుంది.

అందుకని నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆ మొదటి అయిదేళ్ళలో నెత్తిన పెద్ద అప్పు పెట్టుకోకు. అప్పు పెరిగితే, చదువయ్యాక నువ్వేం చెయ్యాలో బ్యాంకు వాయిదాయే చెబుతుంది. పరిశోధన చేసే తెలివీ ఇష్టమూ ఉండి కూడా, నెల తిరిగేసరికి కట్టాల్సిన వాయిదా కోసం దొరికిన ఉద్యోగంలో చేరిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను.

ఊరికే అంటున్నానని అనుకోకు. కాగితం తీసుకుని నువ్వే వేసి చూడు. అయిదేళ్ళ కోర్సుకి ఏటా 2 లక్షల చొప్పున 10 లక్షలు అప్పు తీసుకున్నావనుకో. వడ్డీ నూటికి ఏడాదికి 10 రూపాయలు అనుకుందాం. చదివినన్నాళ్ళూ, ఆ పైన ఇంకో ఏడాది, బ్యాంకు నిన్ను వాయిదా అడగదు. అడగదు గానీ వడ్డీ మాత్రం రాసుకుంటూనే ఉంటుంది. మొదటి ఏడు తీసుకున్న 2 లక్షల మీద ఆరేళ్ళ వడ్డీ, రెండో ఏటి డబ్బు మీద అయిదేళ్ళది, అలా కూడుకుంటూ పోతే వడ్డీయే 4 లక్షలు తేలుతుంది. అసలుతో కలిపి 14 లక్షలు. దాన్ని పదేళ్ళలో తీర్చాలంటే నెలకి దాదాపు 18,500. ఇందాక చెప్పిన 37,000లో సరిగ్గా సగం! మిగతా సగంతో అద్దె కట్టుకుని, తిని, ఇంటికి వచ్చిపోతూ పీహెచ్‌డీ ఎలా చేస్తావు? అదే అప్పు 3 లక్షలే అయితే, ఇదే పద్ధతిలో వడ్డీతో కలిపి 4 లక్షల 20 వేలు, నెలకి 5,500 చిల్లర. దాన్ని మోస్తూ ఎంత దూరమైనా నడవొచ్చు.

కాబట్టి కాలేజీ పేరు, భవనాల అద్దాల తళుకు చూసే ముందు, తక్కువ ఖర్చుతో మంచి చదువు దొరికే తలుపులు ఎక్కడున్నాయో చూడు. అవి మనవాళ్ళకి పెద్దగా తెలియవు. ఎంసెట్, జేఈఈ, నీట్ తప్ప వేరే పరీక్ష పేరు మన వీధిలో వినపడదు.

మొదటిది ఐసర్, సైన్స్ చదువుకీ పరిశోధనకీ కేంద్రం పెట్టిన సంస్థ. పుణె, కోల్‌కతా, మొహాలీ, భోపాల్, తిరువనంతపురం, మన తిరుపతి, ఒడిశాలో బరంపురం, మొత్తం ఏడు. తిరుపతి ఐసర్ 2015లో మొదలైంది, క్యాంపస్ ఏర్పేడు దగ్గర. ఇక్కడ బీఎస్-ఎంఎస్ అయిదేళ్ళు. ప్రవేశానికి ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయాలి. అరవై ప్రశ్నలు, మూడు గంటలు. ఇక్కడే నీలాంటి ఎంపీసీ పిల్లలు బోల్తా పడతారు. ఆ అరవైలో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీతోపాటు బయాలజీ కూడా పదిహేను ప్రశ్నలుంటాయి. పదో తరగతితో బయాలజీ పుస్తకం కట్టిపెట్టినవాళ్ళకి పేపర్లో పావు వంతు చేజారినట్టే. నీ స్నేహితురాలి బైపీసీ పుస్తకాలు అరువు తెచ్చుకో. జన్యుశాస్త్రం, కణం, పరిణామం, జీవావరణం రోజుకో అరగంట చదువుకుంటే అయిదారు ప్రశ్నలైనా నీవి అవుతాయి. తప్పు జవాబుకి మార్కు కోస్తారు గనక గుడ్డిగా జవాబులు పెట్టి రాకు.

రెండోది నెస్ట్ పరీక్ష. దానితో భువనేశ్వర్ దగ్గరున్న నైజర్ అనే సంస్థలోనూ, ముంబైలోని అణుశక్తి శాఖవారి సెంటర్‌లోనూ చేరొచ్చు. మూడోది బెంగుళూరు ఐఐఎస్సీ. 1909 నాటి సంస్థ అయినా అక్కడ నాలుగేళ్ళ డిగ్రీ మొదలైంది 2011లోనే. నాలుగోది కేంద్రీయ విశ్వవిద్యాలయాలు. సీయూఈటీ రాస్తే మన గచ్చిబౌలిలోని హైదరాబాద్ యూనివర్సిటీలో అయిదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ చదవొచ్చు. ఇవన్నీ సర్కారు డబ్బుతో నడిచేవి. ల్యాబులు, పాఠాలు చెప్పేవాళ్ళు, చుట్టూ ఉండే పిల్లలు, అన్నీ మంచివే. ఫీజు ఏటికేడు మారుతుంది గనక ఆ ఏటి పట్టిక వాళ్ళ వెబ్‌సైట్‌లోంచి దింపుకుని మీ నాన్నకి చూపించు. పక్కవీధి అంకుల్ చెప్పిన అంకె నమ్మొద్దు.

ఇవేవీ రాకపోతే? అప్పుడు కూడా కొంపేమీ మునిగిపోదు. డిగ్రీ ప్రవేశాలకి ఆంధ్రాలో ఓఏఎండీసీ కౌన్సెలింగ్, తెలంగాణలో దోస్త్ ఉన్నాయి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీయస్సీ చేరి, బాగా చదివి, మూడో ఏట జామ్ పరీక్ష రాయి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు, ఏది నీ సబ్జెక్టయితే ఆ పేపరు. ఆ ర్యాంకుతో ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీట్లిస్తారు. మన ఊళ్ళల్లో సాదా డిగ్రీ కాలేజీలో చదివి, అక్కణ్ణించి ఐఐటీ ఎమ్మెస్సీకి వెళ్ళిన పిల్లలు నాకు తెలుసు. ఇంట్లో తిని, బస్ పాస్ మీద తిరిగి డిగ్రీ చదివినవాళ్ళు వాళ్ళు. మొదటి మూడేళ్ళ ఖర్చు దాదాపుగా మిగిలిపోయింది.

అయితే ఊళ్ళో కాలేజీ ఎంచుకునేటప్పుడు ఒక్క పని చెయ్యి. అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఆగిపోకుండా, ల్యాబ్ చూస్తామని అడుగు. చూడనివ్వకపోతే అదే జవాబు. చూడనిస్తే కెమిస్ట్రీ ల్యాబ్‌లో బ్యూరెట్లు చూడు. కొసలు కాస్త విరిగి, రబ్బరు గొట్టమూ క్లిప్పూ తగిలించి ఉంటే మంచిదే, పిల్లలు వాడుతున్నారన్నమాట. బీరువాలో తళతళలాడుతూ, పెట్టె సీలు కూడా విప్పని డిజిటల్ తూనిక ఉంటే అది ఇన్‌స్పెక్షన్ కోసం కొన్నది. తరవాత పిల్లల రికార్డులు రెండుమూడు అడిగి తిరగెయ్యి. టైట్రేషన్ విలువలు అందరివీ 10.0 అనే ఉంటే ఒకరిది చూసి ఒకరు ఎక్కించుకున్నారు. నిజంగా చేసినవాళ్ళకి ఒకళ్ళకి 9.8, ఒకళ్ళకి 10.1, అలా కాస్త అటూ ఇటూ వస్తుంది. ఎర్రసిరా గీతల పక్కన "మళ్ళీ చెయ్యి" అని లెక్చరర్ రాసిన కాలేజీ కనిపిస్తే కళ్ళు మూసుకుని చేరిపో.

ఇక డబ్బు. ఒక నోటు పుస్తకంలో కొత్త పేజీ తెరిచి ఎడమవైపు ఖర్చులన్నీ రాయి. ఫీజు ఒక్కటీ రాసి ఊరుకోకు. హాస్టల్, మెస్ బిల్లు, చేరేటప్పుడు కట్టే కాషన్ డిపాజిట్, ల్యాప్‌టాప్, పండక్కి వచ్చిపోయే రైలు టిక్కెట్లు, జ్వరమొస్తే ఆస్పత్రి, పై చదువుల పరీక్షల దరఖాస్తు ఫీజులు, పరీక్ష పెద్ద ఊళ్ళో పడితే దారి ఖర్చు. దరఖాస్తుల ఖర్చు చిన్నదనిపిస్తుంది గానీ నాలుగైదు పరీక్షలకి కలిపి చూస్తే చిన్నదేం కాదు. వచ్చే ఏడు ఇవన్నీ పెరుగుతాయని కూడా గుర్తుంచుకో.

కుడివైపు ఎక్కడెక్కడి నుంచి వస్తుందో రాయి. ఇక్కడ మీ నాన్న మర్చిపోయిన సంగతొకటి చెబుతాను. నువ్వు రెండో తరగతిలో ఉండగా, 2015లో సుకన్య సమృద్ధి పథకం కొత్తగా వచ్చినప్పుడు, నేనే వెంటపడి పోస్టాఫీసులో నీ పేరున ఖాతా తెరిపించాను. నీకు పద్ధెనిమిది నిండినా, పదో తరగతి పాసైనా, కిందటి మార్చి నాటికి అందులో ఉన్నదాంట్లో సగం దాకా పై చదువుకి తీసుకోవచ్చు. సీటొచ్చిన కాగితం, ఫీజు చీటీ చూపిస్తే చాలు. "అది పెళ్ళికి" అని మీ నాన్న అంటాడు. మిగతా సగం అందులోనే ఉంటుందిగా అని చెప్పు. అప్పటికీ వినకపోతే నాకు ఫోన్ ఇవ్వు.

వాడికే ఇంకో మాట. ఫీజు గడువు రేపనగా చీటీ తక్కువకి పాడటం, ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి తేవడం, ఈ రెండూ వద్దు. రెండు రూపాయలంటే నోటికి చిన్నగా ఉంటుంది గానీ నూటికి నెలకి రెండు, ఏడాదికి 24. బ్యాంకు అడిగేదానికి రెట్టింపు పైనే. అప్పు తప్పదనుకుంటే బ్యాంకుకే వెళ్ళండి, అదీ సీటు వచ్చిన వారంలోనే.

అప్పు కంటే ముందు ఉపకార వేతనాలు. సైన్స్ చదివేవాళ్ళకే ప్రత్యేకంగా కేంద్రం ఇచ్చేది ఇన్‌స్పైర్. ఇంటర్ బోర్డు పరీక్షల్లో పై ఒక్క శాతంలో ఉండి, బేసిక్ సైన్స్‌లో డిగ్రీ గానీ ఇంటిగ్రేటెడ్ కోర్సు గానీ చేరినవాళ్ళకి ఏటా 80,000. అందులో 60,000 చేతికి ఇస్తారు, 20,000 వేసవిలో ఒక శాస్త్రవేత్త దగ్గర చేసే ప్రాజెక్టుకి. ఇంజనీరింగ్ చేరితే ఇది రాదు. జేఈఈకని ఇంటర్ మార్కుల్ని తేలిగ్గా చూసే పిల్లలు ఎక్కువ. నువ్వలా చెయ్యకు. నీకు ఇంటర్ మార్కంటే డబ్బే. ఐచ్ఛిక ప్రశ్నలు, ప్రాక్టికల్స్, ఇంగ్లీషు, సంస్కృతం, ఏదీ వదలొద్దు.

పై ఒక్క శాతంలో లేకపోయినా దారి ఉంది. బోర్డులో 80వ పర్సంటైల్ పైన ఉండి ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షలు దాటనివాళ్ళకి కేంద్రం వారి సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఉంది. డిగ్రీలో ఏటా 12,000, పీజీలో 20,000. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. ఇది తీసుకుంటూ వేరే ఉపకార వేతనం తీసుకోకూడదు గనక ఏది ఎక్కువో చూసుకుని ఎంచుకో. మన రాష్ట్రాల ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి నీకు తెలిసిందే. వస్తుంది, కానీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఇన్‌స్పైర్ డబ్బు కూడా చేరగానే చేతిలో పడదు. కాబట్టి వస్తుందన్న డబ్బు రాకుండానే ఆర్నెల్లు గడిచేలా ఒక మొత్తం పక్కన పెట్టుకోండి. మా పిల్లల్లో ఒకమ్మాయికి ఇన్‌స్పైర్ వచ్చింది. మొదటి ఏడు డబ్బు పడింది. రెండో ఏడు మార్కుల పత్రం, కాలేజీ సంతకం చేసిన ప్రగతి పత్రం అప్‌లోడ్ చెయ్యాలని మర్చిపోయింది. సెమిస్టర్ పరీక్షల హడావుడి. తేలిగ్గా జరగాల్సిన పని కాస్తా ఏడాది పొడుగునా ఉత్తరప్రత్యుత్తరాలైంది. స్కాలర్‌షిప్ ఒకసారి వస్తే అయిపోలేదు, ఏటా నిలబెట్టుకోవాలి.

ఇప్పుడు అన్నిటికన్నా విసుగు పుట్టించే సంగతి. విసుక్కోకుండా చదువు, ఎక్కువమందికి ఇక్కడే పని చెడుతుంది. నీ టెన్త్ మెమో, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టు. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఒక్కోసారి చివర. బ్యాంకువాడు తన ఇష్టమొచ్చినట్టు ఇంకోలా రాసుంటాడు. మనకి ముగ్గురూ ఒక్కరే, కంప్యూటర్‌కి మాత్రం ముగ్గురు వేరు. మెమోని మార్చడం కష్టం గనక మిగతా రెండింటినీ దాని ప్రకారం ఈ సెలవుల్లోనే మార్పించు. ఖాతాకి ఆధార్ అనుసంధానం అయిందో లేదో అడుగు. ఆదాయ ధ్రువపత్రం సచివాలయంలో తీసి ఉంచు.

రిజర్వేషన్ ఉన్నవాళ్ళకి ఇంకో మెలిక ఉంది, నీ స్నేహితురాళ్ళకి కూడా చెప్పు. మన రాష్ట్రంలో బీసీ అని ఇచ్చిన పత్రం కేంద్ర సంస్థల్లో చెల్లదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ పత్రం వేరే తీసుకోవాలి. రాష్ట్రం జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్రం జాబితాలో ఉండవు, అది ముందే చూసుకోవాలి. ఆ పత్రంగానీ ఈడబ్ల్యూఎస్ పత్రంగానీ ఆ ఆర్థిక సంవత్సరానిది, అంటే ఏప్రిల్ ఒకటి తరవాత ఇచ్చినదే అయి ఉండాలని అడుగుతారు. సీటొచ్చాక ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరుగుతూ కన్నీళ్ళు పెట్టుకునేకంటే ఏప్రిల్ మొదటి వారంలోనే దరఖాస్తు ఇవ్వడం మేలు.

గడువుల విషయంలో ఎంత తెలివైనవాళ్ళకైనా మినహాయింపు లేదు. గణాంకశాస్త్రంలో ప్రపంచమంతా తలుచుకునే సి.ఆర్. రావు గారు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో మొదటి తరగతిలో ప్యాసై, అక్కడే పరిశోధన చేద్దామని స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టారు. ఆలస్యంగా చేరిందని తోసిపుచ్చారు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి, అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి విని, 1941లో అందులో చేరారు. ఆయనకి అది కలిసొచ్చింది. గడువు దాటిన ప్రతివాళ్ళకీ కలకత్తా దొరకదు. కాబట్టి గోడ మీది క్యాలెండర్‌లో ప్రతి దరఖాస్తుకీ రెండు తేదీలు రాసుకో, మొదలయ్యేదీ ముగిసేదీ. ముగిసే రోజున సర్వర్ పనిచెయ్యదని ముందే అనుకుని వారం ముందు ముగించు.

సీట్లు వేరువేరు సమయాల్లో వస్తాయి. ఊళ్ళో కాలేజీలో చేరాక ఐసర్ పిలుపు రావచ్చు. అప్పుడు కట్టిన ఫీజు పోయిందని కూర్చోవద్దు. యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, ప్రవేశాల ఆఖరి తేదీకి పదిహేను రోజులో ఇంకా ముందో మానేస్తే ఫీజంతా తిరిగివ్వాలి, దాంట్లో కొద్దిపాటి ప్రాసెసింగ్ రుసుము మాత్రం పట్టుకోవచ్చు. ఆలస్యమయ్యే కొద్దీ తగ్గుతుంది, ఆఖరి తేదీ దాటి నెల గడిస్తే ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర అట్టేపెట్టుకోకూడదని కూడా అందులోనే ఉంది. ఆ కాగితం ముద్రించి తీసుకెళ్ళి, గొంతు పెంచకుండా, నవ్వుతూ చూపించు.

అప్పు తప్పకపోతే ఎలా తీసుకోవాలో కూడా చెబుతాను. 2024 నవంబరులో ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఎంపిక చేసిన మంచి సంస్థల్లో సీటొచ్చినవాళ్ళకి తనఖా, హామీదారు లేకుండా బ్యాంకు అప్పివ్వాలి. ఇంటి ఆదాయం 8 లక్షల లోపైతే, 10 లక్షల దాకా అప్పు మీద, వాయిదాలు మొదలయ్యేదాకా, ఏడాదికి నూటికి 3 రూపాయల వడ్డీ ప్రభుత్వం భరిస్తుంది. ఏటా లక్షమందికి. మంజూరైన మొత్తమంతా తీసుకోవాలని లేదు. ఏ ఏటికి ఎంత కావాలో అంతే తీసుకో. చదువుతుండగానే వడ్డీ వరకైనా కట్టుకుంటూ పో. ఇందాకటి లెక్కలో మొదటి ఏడు అది నెలకి 1,700 లోపే. అలా చివరిదాకా కట్టగలిగితే అసలు 10 లక్షల దగ్గరే ఆగుతుంది, వాయిదా 18,500 నుంచి 13,200కి దిగుతుంది. సంతకం పెట్టే ముందు మేనేజర్‌ని ఒకటి అడుగు: "ఎమ్మెస్సీ అయ్యాక పీహెచ్‌డీలో చేరితే వాయిదాలు వెనక్కి జరుపుతారా?" జవాబు రాతలో తీసుకో.

సాయం అడగడానికి సిగ్గుపడకు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల మొదట్లో అమెరికా వెళ్ళింది సొంత డబ్బుతో కాదు. మామగారు కూడదీసింది కొంత, మా కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చింది కొంత. బోస్టన్‌లో దిగాక ఆస్పత్రిలో రాత్రిపూట కూలిపని లాంటి ఉద్యోగం చేస్తూ చదువుకున్నారు. ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి శరీరంలోని ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఆ పద్ధతిని నేను ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. ధర్మసంస్థలు, పూర్వ విద్యార్థుల సంఘాలు, కుల సంఘాల నిధులు మన ఊళ్ళల్లో ఇప్పటికీ ఉన్నాయి. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతక్కు. ఎవరిచ్చినా ఎంతిచ్చినా పేరు, తేదీ, మొత్తం రాసి పెట్టుకో. ఏటా మార్కులు చూపించి రా. ఇచ్చినవాళ్ళు కోరుకునేది అదే.

"ఏం చేస్తుంది?" అన్న మీ నాన్న ప్రశ్న మిగిలింది. పరిశోధనలోకి వెళ్తే హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్ఐ ఉన్నాయి. ఎమ్మెస్సీతో బార్క్ ట్రైనింగ్ స్కూల్‌కి ఎంపికైతే ఏడాది స్టైపెండ్ మీద శిక్షణ, ఆ పైన సైంటిఫిక్ ఆఫీసర్ కొలువు. పరిశోధన వద్దనిపిస్తే హైదరాబాద్, విశాఖ పరవాడల మందుల కంపెనీల్లో కెమిస్టులకి పని ఉంది. లెక్చరర్ కొలువు నాలాంటివాళ్ళని బతికించింది, నిన్నూ బతికిస్తుంది. ఇది నీకిష్టమైన పనేనా అన్నది రెండో ఏటి వేసవిలో తేల్చుకో. బెంగుళూరు సైన్స్ అకాడమీ, మరో రెండు జాతీయ అకాడమీలు కలిసి డిగ్రీ పిల్లలకి వేసవి ఫెలోషిప్ ఇస్తాయి. రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో గడిపితే నీకే తెలుస్తుంది. అక్కడ విసుగొస్తే దారి మార్చుకో, అందులో తప్పు లేదు. అప్పు తక్కువగా ఉంటే మార్చుకోవడం కూడా తేలికే.

అమెరికా మాట కూడా వస్తుంది, మన ఇళ్ళల్లో రాకుండా ఉండదు. సైన్స్‌లో పరిశోధనే నీ ఉద్దేశమైతే అక్కడి పీహెచ్‌డీలకి ఎక్కువగా ఫీజు మాఫీ చేసి, పాఠాలు చెప్పినందుకో ప్రాజెక్టులో పనిచేసినందుకో నెలనెలా డబ్బిస్తారు. అలాంటి సీటు వస్తే వెళ్ళు. అంతేగానీ ఇల్లు తాకట్టు పెట్టి మాస్టర్స్‌కి వెళ్ళడం మన లెక్కలోకి రాదు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇంతే. ఆదివారం మీ నాన్నా నువ్వూ కూర్చుని ఆ పేజీ నింపండి. ఎడమవైపు ఎక్కువై, కుడివైపు తక్కువైతే, ఆ తేడాని అయిదుతో భాగించకుండా మొత్తంగానే రాయండి. అది 3 లక్షల లోపుంటే ధైర్యంగా ముందుకెళ్ళండి. అంతకన్నా బాగా పెరిగితే ఇంకో కాలేజీ పేరుతో ఇంకో పేజీ రాయండి. పేజీలు ఖర్చయినా ఫరవాలేదు. రాసిన పేజీలన్నీ ఫొటో తీసి నాకు పంపు, ఎక్కడైనా తప్పుంటే ఎర్రసిరాతో దిద్ది పంపిస్తాను.

బాగా చదువు, బాగా తిను, రాత్రి పన్నెండు దాటి మేలుకోకు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య